సగంలో ఆగిన వేలు

తల తెగినవి పద్నాలుగు, మసకబారినవి తొమ్మిది, పూర్తిగా చెరిగిపోయినవి నలభై ఏడు. మొత్తం డెబ్బై ఫొటోలు. కామారెడ్డిలో బీడీలు చుట్టే మా వదిన డిజిటల్ కెమెరా నేర్చుకున్న మొదటి నెలలో పోయిన లెక్క ఇది.

ఆ నలభై ఏడూ ఎల్లారెడ్డిలో వాళ్ల చిన్నమ్మ వాడకట్టు వాళ్లవి, మనిషికొకటి. తెర మీద కెమెరా ఏదో అడిగితే, అర్థం కాకుండానే సరేనని నొక్కింది.

బటన్ సగం నొక్కితే బొమ్మ కుదురుతుందనీ, పూర్తిగా నొక్కితేనే ఫొటో పడుతుందనీ నేను పుస్తకం చూసి చెప్పాను. నా వేలు ప్రతిసారీ పూర్తిగా దిగిపోయేది. ఆకు చిరగకుండా మడిచే ఆమె వేలు మాత్రం సరిగ్గా సగంలో ఆగింది.

ఇద్దరం మళ్లీ ఎల్లారెడ్డి బస్సెక్కాం. ఇల్లిల్లూ తిరిగి నలభై ఆరుగురిని తీసింది. ఒక్కటీ చెడలేదు. చివరి ఇంటి అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నా బోసినోటి ఫొటో పోయిందే మంచిగయింది బిడ్డా. పండ్లు కట్టించుకున్నంక తియ్యి.”

తన మాటకు తానే పకపకా నవ్వింది. కొంగు జారింది. వదిన వేలు బటన్ మీద సగం దిగి ఉంది.

“కొట్టు వదినా!” అన్నాను.

ఆమె వేలు తీసేసింది. “వద్దన్నది గద. దొంగతనంగ తీసుడేంది?”

తీసిన నలభై ఆరు కంటే, తీయని ఆ ఒక్కదాని గురించే నేను అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. ఆ తర్వాత వదిన ఆరుసార్లు వెళ్లి అడిగింది. అవ్వ ఇంకా పండ్లు కట్టించుకోలేదు. బాకీ ఒకటి.