పెద్దబావ ఫొటోకి నేను వేసిన దండ

ఆ ఫొటో చిన్నబావ ఇవ్వలేదు. నేనే పెట్టాను. పెద్దబావ మా ఆఫీసుకి వచ్చి, నా బల్ల ముందు నిలబడి అడిగిన రోజున ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే ఇప్పుడు ఇంత వివరంగా రాయాల్సిన పని ఉండేది కాదు. అడిగినవాళ్ళకి చెప్పలేదు, అడగనివాళ్ళకి అసలే చెప్పలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పకపోవడం ఒక అలవాటైపోయింది.

మొన్న రేపల్లె నుంచి అక్క ఫోన్ చేసింది. పెద్దబావ పోయి వారం కూడా తిరగలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పెద్దకర్మ ప్రకటన మా వెబ్‌సైట్లో పెట్టమని, ఫొటో మాత్రం కొత్తింటి గృహప్రవేశం నాటిదే వెయ్యమని, అందులో అయితే ఆయన నిండుగా కనిపిస్తారని చెప్పింది. ఆ ఫొటో కోసం నేను ఎవరినీ అడగక్కర్లేదు. సైటుకి ఎక్కించిన బొమ్మలన్నీ దాచే చోట రేపల్లె అని కొట్టగానే అది పైకి వచ్చింది, ఎప్పటికైనా పిలుస్తానని తెలిసి కూర్చున్నట్టు. తెల్ల చొక్కా, భుజాన కండువా, నుదుట గంధం, పెదవి చివర చిన్న నవ్వు. ప్రకటనలో దాన్ని పెట్టగానే చుట్టూ బంతిపూల దండ తనంతట తానే వచ్చి పడింది. ఆ దండ గీసింది నేను. ఆ మెడలో అది పడటం ఇది రెండోసారి.

మాది బాపట్ల. చదువు అయ్యాక ఊళ్ళోనే ఒక ప్రెస్సులో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పనిలో చేరాను. శుభలేఖలు, కరపత్రాలు, వాటితోపాటు నల్ల అంచు కార్డులు. మన వయసువాళ్ళకి ఆ కార్డులు గుర్తుండే ఉంటాయి. మా ఇంటికి అటువంటి కార్డు వస్తే అమ్మ దాన్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. బయటే నిలబడి చదవాలి, అక్కడికక్కడే చింపెయ్యాలి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, అటువంటివి దగ్గర పెట్టుకోకూడదురా అనేది, అంతకు మించి చెప్పేది కాదు. పొద్దున కూర్చిన కార్డులన్నీ సాయంత్రానికి ఎవరెవరి గుమ్మాల ముందో ముక్కలై ఉంటాయి కదా అనుకుంటే అప్పట్లో నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చింపడం ఎంత అవసరమైన పనో అనిపిస్తుంది.

తరవాత తెనాలిలో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. కాలువ పక్కన మేడ మీద గది. రోజూ బాపట్లలో పాసింజరు ఎక్కి వెళ్ళి, మళ్ళీ సాయంత్రం పాసింజరుకే తిరిగి వచ్చేవాణ్ణి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళ కబుర్లు, పెళ్ళిళ్ళు, షాపుల ప్రారంభాలు, శ్రద్ధాంజలి ప్రకటనలు అన్నీ ఒకే చోట వేసే సైటు మాది. కంప్యూటరు భాష రానివాళ్ళు కూడా పేజీలు పెట్టుకోగలిగే ఏర్పాటు దానికి వెనకవైపు ఉండేది. పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళితే మూసలు తయారుగా ఉంటాయి. ఖాళీల్లో పేరు, ఊరు, తేదీ నింపి, ఫొటో ఎక్కించి, పబ్లిష్ అన్న చోట నొక్కితే లోకమంతటికీ కనిపిస్తుంది. ఆ వెనకవైపు ఇల్లంతా చూసుకోవడం నా పని. పొద్దున్నే తెరవగానే పక్కన ఎర్రటి చుక్కలో ఒక అంకె కనిపించేది, ఇన్ని అప్‌డేట్లు బాకీ ఉన్నాయని. అవి చెయ్యకపోతే ఎవరైనా దొంగదారిన జొరబడతారని భయం, చేస్తే ఏది చెడిపోతుందోనని భయం. అందుకని చేసేముందు సైటుకి ఒక నకలు తీసి దాచుకోవాలి. బ్యాకప్ అంటాం దాన్ని. ఏదైనా విరిగితే ఆ నకలు తెచ్చి మళ్ళీ నిలబెట్టుకోవచ్చు.

శ్రద్ధాంజలి మూస నేనే కష్టపడి తయారు చేశాను. బంతిపూల దండ, కింద దీపం, మధ్యలో ఫొటోకి చోటు. ఫొటో లేని ప్రకటన వస్తే ఆ చోటు బోసిగా కనిపించకుండా దానంతట అదే ఏదో ఒక బొమ్మ పడేలా అమర్చాను. కుదిరిందో లేదో చూడటానికి ఒక మనిషి మొహం కావాలి. నా కంప్యూటర్లో అందుబాటులో ఉన్నది పెద్దబావ గృహప్రవేశం ఫొటో. పెట్టి చూస్తే బ్రహ్మాండంగా కుదిరింది. పక్క బల్ల దగ్గర టైపు చేసే అమృతలూరు చెల్లెమ్మ అటుగా వచ్చి చూసి ఆగిపోయింది.

"బతికున్న మనిషిని దండలో పెడతారా అన్నయ్యా? అదీ సొంత బావగారిని."

"పరీక్షకేనమ్మా. ఆయన చూసినా నవ్వుతారు."

"ఆయన నవ్వుతారు లెండి. మీ అక్కగారు నవ్వుతారా? ముందది తీసెయ్యండి."

తీసేశాను. దాని చోట దీపం బొమ్మ పెట్టాను. అయితే మధ్యలో ఒక బ్యాకప్ తీసి ఉన్నానని, అందులో పెద్దబావ అలాగే దండతో ఉండిపోయాడని నాకు తట్టలేదు.

కొన్ని నెలల తరవాత ఒక అప్‌డేట్ చెయ్యగానే సైటు తెల్లబోయింది. తెర మీద ఒక్క అక్షరం లేదు. యజమాని కుర్చీ వెనక నిలబడి ఊపిరి వదలడం నా మెడకి తెలుస్తోంది. కంగారులో చేతికందిన నకలు తీసి, మూసలున్న భాగం వరకు పాతది తెచ్చి పెట్టాను. సైటు లేచి కూర్చుంది. పాతదాన్ని వెనక్కి తెస్తే మనకి కావలసింది ఒక్కటే రాదు, అప్పటి పొరపాట్లు కూడా దాని వెనకే నడిచి వస్తాయి. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. ఒక్కసారి అన్ని మూసలూ తెరిచి చూసుకోవాలి. నేను మొదటి పేజీ చూసి, హమ్మయ్య అనుకుని, టిఫిన్‌కి కిందకి దిగాను. ఆ తరవాత వచ్చిన శ్రద్ధాంజలి ప్రకటనలన్నిటికీ ఫొటోలు ఉన్నాయి కాబట్టి పెద్దబావ మొహం వాటి వెనకాల ఎవరికీ కనపడకుండా ఉండిపోయింది.

అప్పుడు చిన్నబావ వచ్చాడు. పెద్దబావకి సొంత తమ్ముడు, నాకూ వరసకి బావే. భట్టిప్రోలులో ఉండే వాళ్ళ బాబాయి పోయాడు. పెద్దకర్మ ప్రకటనకి వివరాలు చెప్పి, ఫొటో పెద్దది చేయించడానికి స్టూడియోలో ఇచ్చామని, సాయంత్రం పంపిస్తానని అన్నాడు. ఫర్వాలేదు బావా, అప్పటిదాకా దీపం ఉంటుందిలే అన్నాను. పబ్లిష్ నొక్కి, లింకు ఆయన ఫోనుకి పంపి, తిరిగి చూడకుండా స్టేషనుకి పరిగెత్తాను. ఆయన బస్సు ఎక్కే తొందరలో ఆ లింకుని తెరవకుండానే బంధువులకి పంపేశాడు.

లింకు పంపితే దానితోపాటు చిన్న బొమ్మ కూడా వెళుతుంది. జనం లింకు తెరవరు, బొమ్మ చూస్తారు. ఇంటిపేరు, పెద్దకర్మ అన్న మాట, వాటి పైన దండలో పెద్దబావ నవ్వు.

పాసింజరు నిడుబ్రోలు దాటేసరికి నా ఫోను మోగడం మొదలైంది. ఎవరో పంపిన ఆ బొమ్మ నాకే తిరిగి వచ్చింది. రైల్లోనే నిలబడి, సైటు లోపలికి వెళ్ళి, దీపం బొమ్మ పెట్టేశాను. నిమిషం పని. కానీ అప్పటికే మనుషుల ఫోన్లలోకి వెళ్ళిన బొమ్మ నేను మార్చినంత మాత్రాన మారదు. దాన్ని ఎవరూ చింపలేరు.

అక్క ఆ రోజు అమ్మని కంటి డాక్టరుకి చూపించడానికి బాపట్ల వచ్చి ఉంది. నేను వెళ్ళేసరికి వరండాలో జుట్టు విరబోసుకుని కూర్చుంది. పక్కింటావిడ ఫోను చూపించిందట. పెద్దబావకి చేస్తే తియ్యడం లేదు. పొరపాటు అక్కా, ఆయన కాదు అంటున్నా నా మాట ఆమెకి ఎక్కడం లేదు. చివరికి ఆయనే చేశాడు.

"ఏంటే, నేను పోయానంట? మన వాకిట్లో చెప్పులు పెట్టుకునే చోటు లేదు. ఇంతమందికీ కాఫీలు ఎవరు పెడతారనుకున్నావు?"

అలా మాట పుడితే ఆయుష్షు పెరుగుతుందని అందరూ అన్నారు. ఆయనా అదే అని నవ్వాడు. వాళ్ళ అమ్మగారు మాత్రం నవ్వలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళ నోటే కొడుకు పోయాడని విన్న మనిషి. ఆ రోజు నుంచి ఆయన బయటికి వెళితే తిరిగి వచ్చేదాకా గుమ్మంలోంచి లేచేది కాదు. స్కూటరు చప్పుడు వినపడినా, మొహం చూసేదాకా నమ్మేది కాదు.

మర్నాడు పెద్దబావ తెనాలి వచ్చాడు. అన్నదమ్ములిద్దరికీ పొలం గట్టు దగ్గర చిన్న తగాదా ఉంది అప్పట్లో. పొద్దున అరుచుకుని సాయంత్రం ఒకే కంచంలోంచి పకోడీలు తినే రకం తగాదా. వాళ్ళ అమ్మగారి మనసులో మాత్రం చిన్నవాడే కావాలని ఆ ఫొటో ఇచ్చాడేమోనన్న అనుమానం పడింది, అది ఆవిడ నోటి నుంచి ఆయన చెవిలో పడింది.

"ఈ ఫొటో ఎవరిచ్చారు బామ్మర్దీ?"

యజమాని కుర్చీ తిప్పి నా వంక చూశాడు. చెల్లెమ్మ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, అక్క మొహం ఎలా చూడాలన్న భయం ఒక పక్క.

"వాళ్ళు ఏది ఇస్తే అదే పెడతాం బావా. మా అంతట మేం ఏదీ మార్చం."

మా ఆఫీసులో వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే అది. ఆ మాటకి ఆయన మొహంలో ఏదో ఆరిపోయింది. సరే అని ఒక్క మాట అని, మెట్ల పక్క గోడ పట్టుకుని మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. తమ్ముణ్ణి ఏమీ అడగలేదు, తిట్టలేదు. అడిగి ఉంటే నా మాట ఒక పూట కూడా నిలిచేది కాదు. అడగలేదు కాబట్టి నిలిచింది. ఆరు వారాలు తిరక్కుండానే రేపల్లె ఇంటి పెరట్లో ఇద్దరి మధ్య గోడ లేచింది.

కొన్నాళ్ళకి చిన్నబావ తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఆగే చోట నన్ను పట్టుకున్నాడు.

"ఫొటో స్టూడియోలో ఉందని నీతోనే కదా చెప్పాను బావా."

"ఏదో సాంకేతిక లోపం అయ్యుంటుంది బావా. చూస్తాలే."

"ఆ లోపమేదో మా అన్నకి చెప్పు, నాతో ఆయన మాట్లాడటమే మానేశాడు. నాకు చెప్పి ఏం లాభం?"

చెప్తానన్నాను. బండి కదిలింది. కిటికీలోంచి నా వంకే చూస్తూ వెళ్ళాడు, నేను ఆ క్షణమే వెళ్ళి చెప్పేస్తానన్నట్టు. ఆ తరవాత ఎప్పుడైనా ఆయన ఎదురైతే ముందు నా మొహం చూసేవాడు, చెప్పావా అని. తరవాత చూడటం మానేశాడు.

పోయిన ఏడు పెద్దబావని గుండె నొప్పితో తెనాలి ఆస్పత్రిలో చేర్చారు. నేను పక్కన కూర్చుని ఉన్నాను. కళ్ళు మూసుకునే, వాడు వచ్చాడా అని అడిగాడు. చూసి వస్తానని లేచాను. మెట్ల కిటికీలోంచి చూస్తే కింద టీ కొట్టు దగ్గర చిన్నబావ నిలబడి ఉన్నాడు, ఎవరైనా పిలుస్తారేమోనని పైకి చూస్తూ. పిలిస్తే ఇద్దరూ మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటే ఫొటో సంగతి వస్తుంది. అక్కడే కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళాను. లేడు బావా అన్నాను. ఆయన తల అటు తిప్పుకున్నాడు. అప్పటికి కోలుకుని ఇంటికి వెళ్ళాడు గాని, తమ్ముడి మాట మళ్ళీ ఎత్తలేదు. ఈసారి నొప్పి వస్తే ఆస్పత్రి దాకా కూడా వెళ్ళకుండానే పోయాడు.

ఇప్పుడు మా సైటు వెనకవైపు అంతా మారిపోయింది. అప్‌డేట్లు వాటంతట అవే అవుతాయి, నకళ్ళు వాటంతట అవే తీసుకుంటాయి. నేను నొక్కాల్సింది ఒక్క పబ్లిష్. అక్క అడిగిన ప్రకటన మీద అది నొక్కడానికి నా వేలు చాలాసేపు కదల్లేదు. ఒకప్పుడు చావు కబురు ఒక మనిషి మోసుకొచ్చేవాడు. సైకిలు దిగి, చెమట తుడుచుకుని, గడపకి ఇవతల నిలబడి చెప్పేవాడు. ఎవరు, ఎలా, ఎప్పుడు అని తిరిగి అడగడానికి ఎదురుగా ఒక మొహం ఉండేది. చదివి చింపెయ్యడానికి చేతిలో ఒక కాగితం ఉండేది. ఇప్పుడు కబురు తనంతట తానే వస్తుంది, అడగడానికి ఎవరూ ఉండరు, చింపడానికి ఏమీ ఉండదు.

పెద్దకర్మ రోజున రేపల్లెలో షామియానా వేశారు. నేను పెట్టిన ఫొటోనే పెద్దది చేయించి కుర్చీలో నిలబెట్టి, నిజం పూలదండ వేశారు. చిన్నబావ రోడ్డుకి అవతల, ఆగి ఉన్న ఆటో నీడలో నిలబడి ఉన్నాడు. రమ్మని అక్క చెప్పలేదు, రావద్దనీ చెప్పలేదు. నేను రోడ్డు దాటి వెళ్ళి, బ్యాకప్ సంగతి, దీపం బొమ్మ సంగతి, ఆస్పత్రి మెట్ల సంగతి అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఇప్పుడా చెప్పేది బావా? వినాల్సినవాడు ఏడీ?"

లోపలికి వచ్చి నా పక్కన నిలబడమని అడిగాను. గేటు దాకా వచ్చి చెప్పులు విప్పి ఆగిపోయాడు. నేను వడ్డన బల్లలు దాటుకుంటూ వెళ్ళి ఆ కుర్చీ ముందు నిలబడ్డాను. అక్క తలెత్తింది. భోజనాలకి కూర్చున్నవాళ్ళు చేతులు ఆపారు.

"పెద్దబావా, ఆ రోజు ఫొటో మీ తమ్ముడు ఇవ్వలేదు. నేను పెట్టాను. ఆస్పత్రికి కూడా ఆయన వచ్చాడు, లేడని చెప్పింది నేను. అక్కా, తప్పంతా నాది. చిన్నబావా, నన్ను క్షమించు."