సప్లై పోయినా ఆగని పెట్టె

మా అక్కను వాళ్ల ల్యాబ్‌లో టపాకాయ అంటారు. కొంత ఆమె కోపం వల్ల, కొంత ఆమె బల్ల మీద పేలే ట్రాన్సిస్టర్ల వల్ల. సోలార్ పలకల కరెంటును వీధి లైనులో కలిపే ఇన్వర్టర్ పెట్టెలు ఆమె తయారీ. మామూలువి కావు. లోపలి స్విచ్చులు సెకనుకు లక్షలసార్లు పడిలేస్తాయి. కాయిలుకీ కెపాసిటరుకీ మధ్య కరెంటు ఉయ్యాల ఊగుతుంటుంది. వోల్టేజి సున్నాకి దిగిన క్షణంలోనే స్విచ్చు పడాలి. కాస్త అటూ ఇటూ అయిందా, ఢామ్మని పేలుతుంది. ఓసారి లోహపు ముక్క దవడలో దిగబడితే, చేత్తో పీకి పారేసి, రక్తం కారుతుండగానే ఇంకో బోర్డు బిగించిందట. అదీ మనిషి!

ఆ పెట్టెలు తప్పకూడని నియమం ఒకటుంది. వీధి లైను ఆగిపోతే అవీ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే చచ్చేది నాలాంటివాడు. నేను లైన్‌మ్యాన్‌ని.

లైనులో చిన్న కుదుపొచ్చినా పెట్టె ఆగిపోతోందని కొన్నవాళ్లు గోలపెట్టారు. లైను పోయిందేమోనని పెట్టె చూసే ఆ కాపలాను సడలించమన్నాడు అక్క కంపెనీ ఓనరు. అక్క ససేమిరా అంది. ఆయన వేరేవాళ్ల చేత సెట్టింగు మార్పించి, లేత్ షెడ్డున్న వీధిలో పెట్టెలు బిగించాడు. అక్క వెళ్లి ఆయన బల్ల మీది అద్దం పగిలేలా గుద్ది వచ్చింది. అద్దం పగిలింది గానీ పెట్టెలు దిగలేదు.

ఆ వారమే ఆ వీధిలో తీగ తెగింది. సప్లై తీయించి స్తంభమెక్కాను. తీగలో మిగిలిన కరెంటును నేలకు దింపే ఎర్తింగు గొలుసు వేసేలోపే ఎడమచెయ్యి తీగకు తగిలింది. కాలుతున్న కండ వాసన నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. కిందపడ్డాక నాతో పనికొచ్చిన జోడీ ఏడుస్తున్నాడు, నేను వాణ్ణి బూతులు తిడుతున్నాను. ఆసుపత్రిలో మోచేతి కింద తీసేశారు.

కట్టు విప్పకముందే అక్క నన్ను ల్యాబ్‌కి లాక్కెళ్లింది.

"ఆ వీధిలో ఏమేం నడుస్తున్నాయో చెప్పరా!"

లేత్ మోటారు, దానికి కట్టిన కెపాసిటరు, హీటర్లు. అన్నీ తెప్పించి, ఓనరు మార్పించిన సెట్టింగున్న పెట్టెకు కలిపింది. ఓ బల్బు కూడా పెట్టి, మెయిన్ స్విచ్చు లాగి సప్లై తీసేసింది. బల్బు వెలుగుతూనే ఉంది. మోటారూ కెపాసిటరూ ఒకదానికొకటి సరిపోయి వీధి లైను లయలోనే ఊగుతుంటే, లైను ఇంకా బతికే ఉందనుకుంటోంది ఆ దిక్కుమాలిన పెట్టె.

ఓనరు వచ్చి చూశాడు. "సప్లై తీసేశాక కరెంటెక్కడిదమ్మా?" అన్నాడు.

అక్క ఆయన మణికట్టు పట్టి, ఊడదీసిన తీగ వైపు ఈడ్చింది. "లేదుగా? అయితే పట్టుకో! మా తమ్ముడు పట్టుకోలేదూ!"

ఆయన గావుకేక పెట్టాడు. మూతి బల్లకు కొట్టుకుని పెదవి చిట్లింది. "తీయిస్తా! ఆ వీధివన్నీ తీయిస్తా, వదులు!"

నేను ఒంటిచేత్తో అక్కను వెనక్కి లాగాను. నిజం చెప్పొద్దూ, నాకు లాగాలని లేదు.

ఓనరు పెదవి తుడుచుకున్నాడు. "తప్పంతా నా సెట్టింగుదే అంటావు కదా? నీ పాత సెట్టింగు వెయ్యి. ఊరంతా ఉన్నవి అవేగా."

"వేస్తా, చూసి ఏడువు!"

వేసింది. స్విచ్చు లాగింది. మోటారు తిరుగుతూనే ఉంది. బల్బు మినుకుమనను కూడా లేదు.

అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. "హీటరొక్కటే పెట్టి టెస్ట్ చేశానురా," అంది నాతో. "అందరం అంతే చేస్తాం. మోటారు పెట్టి చూడాలని తోచనే లేదు."

సుత్తి తీసుకుని పెట్టె మీద దబదబా బాదింది. నిప్పురవ్వలు లేచాయి, పొగ కమ్మింది, మోటారు మూలుగుతూ ఆగింది. తర్వాత ఫోన్ తీసి కరెంటాఫీసుకు కలిపింది. "అన్నీ దింపితే నాశనమైపోతామే!" అంటూ ఓనరు మీదికొచ్చాడు. సుత్తి పిడితో ఆయన ముఖాన ఒక్కటిచ్చింది. కుప్పకూలాడు.

"ఇవాళ ఎవర్నీ స్తంభం ఎక్కనివ్వకండి," అంది ఫోన్లో. "ఏ వీధిలోనూ వద్దు. ఆ పెట్టెలు ఆగవు. ఎవరు చేశారా? నేనే చేశాను. మా తమ్ముడి చెయ్యి తీసిందీ నా పెట్టే."