చేతికట్ల దొర బొమ్మ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊర్లలో సిగరెట్టు బొమ్మలు పోగుచేసినవాళ్లలో నన్ను మించినవాడు పుట్టలేదు. ఎనిమిది వందల బొమ్మలుండినాయి నా దగ్గర. వాటిని చూడాలని మద్రాసు నుంచి ఒక సేటు కారేసుకుని వచ్చినాడు. మా వసారాలో చెప్పులు విడిచి, బొమ్మల ముందర చేతులు కట్టుకుని నిలబడి, "ఇట్లాంటివి ఇంగ్లండులో కూడా లేవు" అన్నాడు.

ఈ మాట ఎన్ని పెండ్లిండ్లలో, ఎన్ని బస్సుల్లో చెప్పినానో లెక్కలేదు. ఇప్పుడు కాగితం మీద పెడితే నాకే కొంచెం బరువుగా ఉంది. ముందు బొమ్మల సంగతి చెప్తాను. సేటు దగ్గరికి తర్వాత వస్తాను.

రెండో పెద్ద యుద్ధానికి ముందు, ఇంగ్లండు నుంచి వచ్చే సీమ సిగరెట్టు పెట్టెల్లో ఒక చిన్న అట్టముక్క పెట్టేవాళ్లు. అగ్గిపెట్టె కంటె కొంచెం పొడుగు. ఒకపక్క రంగుబొమ్మ, వెనకపక్క నంబరు, నాలుగు ముక్కల ఇంగ్లీషు. ఓడలు, పక్షులు, రాజులు, ఆటగాళ్లు. యుద్ధం వచ్చి కాగితానికి కరువొచ్చేసరికి బొమ్మలు రావడం ఆగిపోయింది. నేను బట్టలంగట్లో గుమాస్తాగా చేరి, పెండ్లి చేసుకుని, ఒక ఆడబిడ్డకు తండ్రినయ్యేనాటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది, ఈ బొమ్మలు మాత్రం పాతకాలపు నిధి అయిపోయినాయి. దొరలు దిగే ముసాఫరు బంగళా కాపలావాళ్ల ఇండ్లలో, పాత ట్రంకుపెట్టెల అడుగున, యాడో ఒకటి దొరికేది. దొరికినదాన్ని నేను బట్టల తాను లోపల వచ్చే గట్టి అట్టమీద పెట్టేవాణ్ణి. బ్లేడుతో నాలుగు మూలలా సన్నని గాట్లు పెట్టి, బొమ్మ మూలలు ఆ గాట్లలో దూర్చేవాణ్ణి. బంక పెడితే బొమ్మ చస్తుంది.

మా అందరికీ మోజు ఆటగాళ్ల బొమ్మల మీద. మా అందరికీ అంటే ముగ్గురికి. ప్రొద్దుటూర్లో నేను, పులివెందులలో ఒక దర్జీ సాయిబు, జమ్మలమడుగులో ఒక సోడా అంగడాయన. క్రికెట్టు అనే ఆట ముగ్గురిలో ఒక్కడూ చూసి ఎరగడు. హైస్కూలు చదివినవాళ్లను అడిగితే చెప్పేవాళ్లే, మేము అడిగిందెప్పుడు? ఆ దొరల చేతుల్లోది మిద్దె గచ్చు కొట్టే చెక్క అనుకున్నాం. వెనకాల నిలబెట్టిన మూడు కట్టెలు మేకల్ని కట్టేసే గుంజలు. కాళ్లకు మోకాళ్ల దాకా తెల్లటి పట్టీలు ఎందుకంటే, గడ్డిలో పాములుంటాయి గదా, అందుకని. పేర్లు చదవడం రాక మేమే పేర్లు పెట్టుకున్నాం. మీసాల దొర, వంకరటోపీ దొర, పండ్లికిలించే దొర.

ఆటగాళ్ల యాభై బొమ్మల కట్టలో నాకు ఒకటే తక్కువ. అది ముగ్గురిలో ఎవరి దగ్గరా లేదు. దాని పేరు చేతికట్ల దొర.

ఆ బొమ్మలో దొర వంగి కూర్చుని ఉంటాడు. రెండు చేతులూ ముందుకు చాపి ఉంటాడు. ఆ చేతులకు మణికట్టు దాకా లావుగా కట్లు. ఒక్క వేలూ కనపడదు. అట్లా చేతులు చాపి కూర్చునేవాళ్లను మేము సంత దావలో చూసేవాళ్లం. ఆ రోగం పేరు మా ఇండ్లలో పలికేవాళ్లు కాదు, పెద్దరోగం అనేవాళ్లు. ముందు ఒక తెల్లమచ్చ వస్తుంది, ఆ మచ్చలో గిల్లినా తెలీదు, తర్వాత వేళ్లు పోతాయి. అంతవరకే మాకు తెలుసు. అది చాలు, ఆ బొమ్మ దొరికినవాడు దొరికినచోటే పొయ్యిలో వేసేవాడు. అది అంత అరుదు కావడానికి కారణం అదే. అచ్చు తక్కువ కొట్టి కాదు, భయపడి మేమే కాల్చేసినాం.

దర్జీ సాయిబు తనది ఎట్లా కాల్చినాడో ప్రతిసారీ చెప్పేవాడు.

"పటకారతో పట్టుకున్నా మామా. చేత్తో ముడితే ఒట్టు. బూడిదతో చేతులు రుద్దుకున్నా. ఐనా వారం దినాలు సూది గుచ్చుకుంటే నొప్పి తెలుస్తాందా లేదా అని చూసుకుంటానే ఉన్నా."

"తెలిసిందా?"

"దర్జీ పనిలో దినానికి పదిసార్లు గుచ్చుకుంటుంది. తెలీకుండా యాడికి పోతాది?"

నేను నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఆ పొయ్యిలో పోయిన బొమ్మ నాదే అయినట్టు బాధ. భయమూ ఉండేది, ఆశా ఉండేది. ఆశ ఒక వేలెడు ఎక్కువ.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఆ ఏడు మా మామకు మూత్రంలో రాయి అడ్డం పడితే జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో చేర్పించినాం. చూడబోయినాను. పక్క మంచం మీద ఒక ముసలాయన. ఒకప్పుడు దొరల బంగళాల్లో వంటవాడంట. రెండు చేతులకూ మణికట్టు దాకా కట్లు. వాటిని చూస్తూనే నా కాళ్లు మంచానికి ఇవతలే ఆగిపోయినాయి.

మామ ఊరకుండే మనిషి కాదు. "మా అల్లుడికి బొమ్మల పిచ్చి, తాతా. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో తెలీదు, బొమ్మలు మాత్రం నంబరు వారీగా చెప్తాడు" అన్నాడు.

ముసలాయన కళ్లు మెరిసినాయి. దిండు కిందున్న గుడ్డమూటను మోచేత్తో నా వైపు నెట్టినాడు. విప్పితే పది పన్నెండు బొమ్మలు. అన్నింటికంటె కింద, మూలలు కూడా నలగకుండా, చేతికట్ల దొర.

బొమ్మలో చేతులు, మంచం మీద చేతులు. ఒకటే.

"తీసుకో అప్పా" అన్నాడు ముసలాయన. "ఈ చేతులతో తిప్పి చూసుకోలేకపోతాండా."

"నీ చేతులకేమైంది తాతా?"

"ఎసరుకుండ జారింది. కాగే నీళ్లు."

"మరి ఈ దొరకు?"

ఆయన పకపకా నవ్వినాడు. "అవి కట్లు కాదు రా నాయనా! తోలుసంచులు. బంతి పట్టుకునేదానికి తొడుక్కుంటారు. నేను శానాసార్లు తుడిచి ఎండేసినా."

తల ఊపినాను గానీ నమ్మలేదు. ఆసుపత్రిలో ఎవరిని అడిగినా ఉన్న రోగం కంటె చిన్నది చెప్తారు. మా మామే రాయిని కడుపునొప్పి అని అందరికీ చెప్పుకుంటా ఉండె. ఇంకొకడైతే బొమ్మ వదిలేసి వచ్చేవాడు. నేను రుమాలు పరిచి, అందులోకి జార్చుకుని, నాలుగు మడతలు పెట్టి, జేబులో కాకుండా సంచిలో వేసుకున్నాను. బస్సులో ప్రొద్దుటూరు దాకా ఆ సంచిని కాళ్లతో దూరంగా పెట్టుకుని, కండ్లతో దగ్గర పెట్టుకుని వచ్చినాను.

ఆ బొమ్మను గాట్లలో దూర్చిన పొద్దు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. యాభైకి యాభై. సంతోషం ఎంతకాలం అంటే, ఒక మధ్యాహ్నం నేను బువ్వకు ఇంటికొచ్చేదాకా.

మా ఆమె రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతా ఉండె. బిడ్డ నడవలో కూర్చుని ఉండె. అట్ట నేలమీద పడి ఉండె. బిడ్డ నోట్లో ఒక మూల నానుతా చేతికట్ల దొర.

లాక్కున్నాను. బిడ్డ కెవ్వుమంది.

"ఏందయ్యా, దయ్యం పట్టినట్టు? అట్టముక్కే గదా!"

"అట్టముక్కే" అన్నాను. పసుపునీళ్లు తెచ్చి బిడ్డ నోరు కడిగినాను. నాలుక, చిగుళ్లు, బుగ్గల లోపల. ఆమె రోకలి పక్కన పెట్టి నన్నే చూస్తా ఉండింది గానీ నేనేమీ చెప్పలేదు. చెప్పితే అది నిజమైపోతుందని భయం.

ఆ నెల తిరగకముందే బిడ్డ కుడిబుగ్గ మీద మచ్చ కనపడింది. చింతగింజంత, తెల్లగా, పొడిగా.

అప్పటినుంచి అంగట్లో నా చేతులు గుడ్డ కొలుస్తాండినాయి గానీ మనసు ఆ బుగ్గ మీదే. తెల్ల మల్లు తాను విప్పితే మచ్చ. పంచె అంచు మడిస్తే మచ్చ. బేరానికొచ్చినవాళ్ల వేళ్లు లెక్కపెట్టేవాణ్ణి. ఈ సంగతి బయటపడితే సావుకారి నన్ను గుడ్డ ముట్టనిస్తాడా? వీధిలో వాళ్లు మా ఇంటి నీళ్లు తాగుతారా? బిడ్డ పెద్దదై, ఆ చేతులకు... అక్కడితో ఆపేసేవాణ్ణి. అవతలికి పోయే ధైర్యం లేదు.

సేటు వచ్చింది ఆ రోజుల్లోనే. నిజం చెప్తాను. కారులో రాలేదు, అందరి మాదిరే బస్సు దిగి, అంగడికి సరుకు పనిమీద వచ్చినాడు. మా ఇంటికి రాలేదు. నేనే బొమ్మల అట్టలు అంగటికి మోసుకుపోయి, "ఊరికే ఇస్తాను, తీసుకుపోండి" అన్నాను. నా ఇంట్లోంచి ఆ దొర పోతే చాలు, ఎవరింటికి పోయినా సరే అనుకున్నాను. సేటు ఒక అట్ట చూసి, "పిల్లలు ఆడుకునేవా?" అని, తాగడానికి నీళ్లడిగినాడు. అంతే. ఎనిమిది వందల బొమ్మలు కూడా కాదు, రెండు వందలకు లోపలే. దుడ్లు పెట్టి కొనేవాడే ఉంటే ఇంత కథ చెప్పాల్సిన పనేముంది?

ఇంకొకటి కూడా చెప్పాలి. మచ్చలో స్పర్శ ఉందో లేదో చూసేది ఎంతసేపు? గిల్లితే చాలు. ఒకనాడు మా ఆమె నీళ్లకు పోయినప్పుడు బిడ్డను ఒళ్లో పెట్టుకున్నాను. ముందు ఎడమబుగ్గ గిల్లినాను. ఏడ్చింది. కుడిబుగ్గ దగ్గరికి చెయ్యి తీసుకుపోయినాను. మచ్చకు వెంట్రుకవాసి దూరంలో చెయ్యి ఆగిపోయింది. ఏడిస్తే సరే. ఏడవకపోతే? ఆ ఏడవని ఒక్క క్షణం నేను ఎట్లా బతకాలి? బిడ్డ కండ్లనీళ్లతో నా వేళ్లనే చూస్తా ఉండె. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మా ఆమె వచ్చి చూసింది. ఎర్రగా కందిన ఎడమబుగ్గ, నా మొహం.

"బిడ్డను గిల్లినావా?"

ఇంక దాచలేకపోయినాను. బొమ్మ, ముసలాయన కట్లు, నోట్లో నానిన మూల, మచ్చ, అన్నీ చెప్పినాను. తిడుతుంది అనుకున్నా. ఆమె బిందె దించి, ఆ మచ్చను బొటనవేలితో నిమిరి, "ఇన్ని దినాలు ఇది కడుపులో పెట్టుకుని నా చేత బువ్వ పెట్టించుకుంటివా?" అంది. బిడ్డకు వేరే గౌను తొడిగింది. "లే. బస్సుంది."

జమ్మలమడుగు బస్సు ఎక్కినాం. పెన్నలో నీళ్లు లేవు, ఇసక మెరుస్తా ఉండె. బిడ్డ కిటికీ కమ్మీని కొరుకుతాంటే ఆమె లాగేది, నేను లాగేవాణ్ణి కాదు. ఇంకేం అంటుతుందిలే అని.

డాక్టరమ్మ కోస్తా మనిషి. "మచ్చ వచ్చి ఎన్నాళ్లయిందండీ?" అని మెల్లగా అడిగింది. నేను బిడ్డను ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. "గుచ్చండమ్మా, నేను చూస్తాను" అన్నాను. డాక్టరమ్మ సూది తీసుకుంది. మచ్చ మీద ఆనించింది. ఏడువమ్మా, నా తల్లీ, ఏడువు అని లోపల అరుస్తున్నాను. సూది తగిలింది. బిడ్డ ఆసుపత్రి మిద్దె ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేను మళ్లీ వినలేదు. డాక్టరమ్మ నవ్వి, "ఇది పసిబిడ్డలకు మామూలుగా వచ్చే మచ్చండీ. కొబ్బరినూనె రాయండి, పోతుంది" అంది. ముసలాయన సంగతి అడిగితే, చేతులు మాని, పది వేళ్లతో మూట కట్టుకుని ఇంటికి పోయినాడని చెప్పింది.

మచ్చ పోయింది. భయం మాత్రం డాక్టరు మాట వినే జాతి కాదు. తోలుసంచులని తెలిసినా ఆ బొమ్మను ఒట్టి చేత్తో ముట్టడానికి నాకు ఏండ్లు పట్టింది.

ఇంతవరకు రాసి మా ఆమెకు చదివి వినిపించినాను. చెనిక్కాయలు ఒలుస్తా వినింది. డాక్టరమ్మ సూది దగ్గరికి వచ్చేసరికి ఒలిచేది ఆపింది.

"సూదా? యాడుండాది సూది? దూది. దూదితో ఇట్ల రాసింది బుగ్గ మీద. బిడ్డ ఏడ్చనే లేదు, చక్కిలిగింతలకు నవ్వింది. నీకెట్ల తెలుస్తాదిలే! నువ్వు ఆ గదిలోకే రాల్యా. బయట వరండాలో గోడకు మొహం పెట్టి, రెండు చెవులూ మూసుకుని కూర్చుంటివి. నేనొచ్చి ఏమీ ల్యా, ఏమీ ల్యా అని అరిస్తే ఇనపడల్యా నీకు. చేతులు పట్టి గుంజితే గానీ ఇనలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్నది నేను. కొట్టేసి సరిగ్గా రాయి."