వాడు నన్ను గుర్తుపట్టని రోజులు

కుక్కని పట్టుకుని ‘వాడు’ అంటావేమిటని ఆ రోజుల్లో అందరూ నన్ను చూసి నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ, నాకేం? ఇంట్లో ఉన్నదే ఇద్దరం. అందులో ఒకరిని ‘అది’ అనేస్తే ఇక నేను మాట్లాడేది ఎవరితో?

ఎనభైలలో నేను పర్చూరు దగ్గర ఒక పల్లెలో మిషను స్కూలు టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి తలొక కారణం చెప్పేదాన్ని, అందులో ఒక్కటీ నిజం కాదు. అమ్మ పోయాక ఒక రైతు ఇంట్లో వీధివైపు గది అద్దెకి తీసుకున్నాను. వాడు నా దగ్గరికి వచ్చింది కూడా ఆ ఏడాదే. బదిలీ మీద వెళ్ళిపోతున్న బ్యాంకు ఆఫీసరు గారి భార్య, “రైల్లో వీడితో నేను పడలేనండీ” అని నా చేతుల్లో పెట్టేసి వెళ్ళిపోయింది. తెల్లటి బొచ్చు, నక్క మూతి, పిల్లి కంటే కాస్త పెద్ద. వాళ్ళేదో ఇంగ్లీషు పేరు పెట్టారు కానీ నాకది నచ్చలేదు. “ఒరేయ్” అంటే వచ్చేవాడు. చాలు.

సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీసేసరికి తలుపు వెనకే నిలబడి ఉండేవాడు. తోకే కాదు, నడుం దాకా ఊపేసేవాడు. కొత్త చీర కట్టుకుంటే ముందు వాడికే చూపించేదాన్ని. “ఎట్లా ఉందిరా?” అంటే తల ఓ పక్కకి వంచి తేరిపార చూసేవాడు. ముసలితనానికి చెవులు మందగించాయని నాకు తెలుసు. అయితే ఏం, బడిపిల్లల మీద అరిచీ అరిచీ కాయలు కాసిన గొంతు నాది, వాడి కోసం ఇంకాస్త పెంచేదాన్ని.

వాడొచ్చిన కొన్నేళ్ళకి, ఒక ఫిబ్రవరిలో, నాకు గది అద్దెకిచ్చిన ఇంటాయన, గుంటూరు యార్డులో రేటు లేదని, కల్లంలో ఎండబెట్టిన మిరపకాయలన్నీ బస్తాలకెత్తి ఇంటికి తోలుకొచ్చాడు. నా గది ముందు వసారాలో పైకప్పు అంటేదాకా పేర్పించాడు. బస్తాలకి పట్టనివి అక్కడే కుప్ప పోయించాడు. గదిలోకి పోవాలంటే వాటి మధ్య సందులోంచి పక్కకి తిరిగి నడవాలి. మా వైపు పంట ఇంటికొస్తే సర్దుకోవాల్సింది మనుషులే.

ఆ వారంలోనే వాడు మారిపోయాడు. నేను తలుపు తీస్తే ఎదురు రాలేదు. మూలన గోడకి మూతి ఆనించి నిలబడి ఉన్నాడు. పిలిస్తే తిరిగాడు కానీ నా వైపు కాదు. అన్నం గిన్నె ముందు పెడితే పక్కన నేలని మూచూసి వదిలేశాడు. నీళ్ళ గిన్నెలో కాలు పెట్టి ఉలిక్కిపడ్డాడు. ఒకటే తుమ్ములు. జలుబు చేసిందనుకుని వాడి ముక్కుకి నీలగిరి నూనె రాశాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకుంటాను.

మర్నాడు ఎత్తుకోబోతే చేతిని పట్టి కొరికేశాడు. నన్ను! నా కంచం పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నవాడు, నన్ను! రక్తం కారుతున్న చెయ్యి చూసుకోలేదు నేను, వాడి మొహమే చూశాను. ఎవరో తెలియని మనిషిని చూసి భయపడ్డట్టు పళ్ళు బయటపెట్టి వణికిపోతున్నాడు.

ఇంటావిడ గడపలోంచి చూసింది. “టీచరమ్మా, కుక్కకి పిచ్చెక్కింది. పిల్లలు తిరిగే ఇల్లు, ఎవుర్నన్నా కరిస్తే ఏం గావాల?” అని కేక పెట్టింది. ఇంటాయన వచ్చాడు. మంచివాడే, కానీ మాట మెత్తగా చెప్పడం రాదు. “ఆదివారం దాకా చూస్తానండి. ఆనక మా పాలేరు చేత కొట్టిచ్చేస్తా. ఏవనుకోబాకండి” అన్నాడు.

“ముందు నన్ను కొట్టించండి, ఆ తర్వాత వాణ్ణి!” అని వాళ్ళ మొహం మీదే తలుపేశాను. వేశానే గానీ లోపల అనుమానం మిగిలే ఉంది. నిజంగానే పిచ్చి అయితే? బొడ్డు చుట్టూ పొడిచే ఇంజెక్షన్ల సంగతి తెలియనివాళ్ళు ఆ రోజుల్లో ఎవరున్నారు? అయినా నా బాధ అది కాదు. ఈ భూమ్మీద నేను వచ్చానని సంతోషించే ప్రాణం ఒకే ఒక్కటి, దానికి నేనెవరో తెలియడం లేదు. అది నేను తట్టుకోలేకపోయాను.

బడికి సెలవు పెట్టి, వాణ్ణి దుప్పట్లో చుట్టి, పెద్ద వైరు బుట్టలో పెట్టుకుని బస్సులో పర్చూరు పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. గేదెలన్నీ అయ్యాక మమ్మల్ని పిలిచాడు. నీళ్ళు మూతికి తగిలేలా పెట్టాడు, వాడు గటగటా తాగాడు. డాక్టరు వాడి నోరు తెరిచి చూశాడు, నడిపించి చూశాడు. తర్వాత టార్చి కళ్ళలోకి కొట్టాడు. వాడు రెప్ప వెయ్యలేదు.

“పిచ్చి కాదండి ఇది. మీ తృప్తి కోసం పది రోజులు కట్టేసి చూడండి, మీ చెయ్యి మాత్రం ఇవాళే పెద్దాస్పత్రిలో చూపించుకోండి. వీడికి చూపు లేదండి. పోయి ఏడాదయ్యుంటుంది.”

“ఏడాదేమిటండీ, మొన్నటిదాకా నన్ను చూసి ఎదురొచ్చేవాడు!”

“చూసి కాదమ్మా, వాసన పట్టి. చెవులూ సరిగ్గా లేవంటున్నారు, ఇక మిగిలింది ముక్కొకటే. ఇంట్లో ఏమైనా మారిందా?”

“ఏమీ మారలేదండీ” అన్నాను.

ఆయన ఇంకేదో అడగబోయి గట్టిగా తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళతో, “ఏంటండీ బాబూ ఈ ఘాటు? మీ చీరకేనా?” అన్నాడు. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నాకేమీ తెలియలేదు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన ముక్కు నాది, దానికి ఏం తెలుస్తుంది? వసారాలో మిరపకాయల బస్తాలు గుర్తొచ్చాయి. నా గదీ, నా బట్టలూ, నా ఒళ్ళూ, అన్నీ వాడికి ఒకే మంట అయిపోయాయని అప్పుడు అర్థమైంది.

కట్టు కట్టించుకుని తిరుగు బస్సెక్కాను. వాడు బుట్టలో కదలకుండా పడుకున్నాడు. అంటే ఏడాదిగా నా చీరలు చూసినవాళ్ళెవరూ లేరన్నమాట. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. పక్కన కూర్చున్నావిడ కాస్త అవతలికి జరిగింది.

ఇంటాయనకి సంగతి చెప్పాను. “ఘాటా?” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఎక్కడండీ ఘాటు? ఏమే, ఇట్రా, నీకేవన్నా ఘాటొస్తందా?” ఇంటావిడ కుప్ప మీదకి వంగి గుండెల నిండా పీల్చి, “నాకేం రావట్లా” అంది. వాళ్ళు అబద్ధం ఆడటం లేదు, అదే నా ఖర్మ. ఆయన కాస్త తగ్గి, “పిచ్చి లేదన్నారుగా, కుక్కని ఏవీ చెయ్యన్లెండి. బస్తాలు మాత్రం రేటొచ్చిందాకా కదలవు” అన్నాడు.

రేటు ఎప్పుడొస్తుంది? వేసవి దాటాలేమో. వాడికి అన్ని నెలలు మిగిలి ఉన్నాయో లేదో. ఉన్న నాలుగు రోజులూ నా పక్కనే ఉండి నేనెవరో తెలియకుండా, భయపడుతూ బతకాలా? నేను ఒప్పుకోలేదు. పాస్టరుగారిని అడిగి చర్చి వెనక చాపలూ బెంచీలూ పడేసే గది తీసుకున్నాను. రేకుల కప్పు, నీళ్ళు బయటి పంపు నుంచి మోసుకోవాలి. సామాను బండికెక్కిస్తుంటే ఇంటావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, “కుక్క కోసం ఇల్లు మారతన్నారా! పిచ్చెక్కింది కుక్కక్కాదు” అంది. అంటే అంది.

బట్టలన్నీ నానబెట్టి ఉతికాను. పరుపు ఎండలో వేశాను. కుంకుడుకాయలతో తల రుద్దుకుని, మళ్ళీ రుద్దుకున్నాను. వాడు మాత్రం ఒక బెంచీ కిందికి దూరి రానన్నాడు. పైగా కొత్త చోటు, ఏ గోడ ఎక్కడుందో తెలియదు. డాక్టరు చెప్పినట్టు బెంచీ కోడుకే గొలుసు వదులుగా కట్టి, గిన్నె మూతి దగ్గరికి తోసి వచ్చేసేదాన్ని. ముట్టుకోలేదు. పిలవలేదు. ముందు వైపు చర్చిలో, ఈస్టరు పండగ ముందరి శ్రమదినాల ప్రార్థన కూటాలు జరుగుతుంటే అందరూ పాడుతున్నారు, నేను మాత్రం వెనకగదిలో నేలమీద కూర్చుని బెంచీ కిందికే చూస్తూ ఉండేదాన్ని. ఇంత తిప్పలూ పడి, చివరికి వాడికి నేను ఎప్పటికీ గుర్తు రాకపోతే?

ఒక సాయంత్రం బెంచీ కింద నుంచి ముందు ముక్కు బయటికి వచ్చింది, తర్వాత వాడు. గోడకి కొట్టుకున్నాడు, వెనక్కి తగ్గాడు, మళ్ళీ వచ్చాడు. నా కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టాడు. పాదాలు, కుచ్చిళ్ళు, ఒడిలో పెట్టుకున్న చేతులు, ఒక్కొక్కటీ ఆగి ఆగి మూచూశాడు. తప్పు జరగకూడదన్నట్టు మళ్ళీ పాదాల దగ్గరికి వెళ్ళి మొదటి నుంచీ చూసుకొచ్చాడు. వాడి నడుం ఊగడం మొదలైంది.

“నేనేరా” అన్నాను, అంత మెల్లగా అంటే వాడికి వినపడదని తెలిసీ. అమ్మ పోయిన తర్వాత, వచ్చింది నేనేనా కాదా అని అంతగా వెతుక్కున్నవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు. ఆ చిన్న తలని రెండు చేతులతో పట్టుకుని, చర్చిలో వాళ్ళకి వినపడితే వినపడనీ అని, బావురుమని ఏడ్చాను.