ఫోటో అంగడికి నేను గీసిన గుర్తు

ఆ సంగతి నాకు మొదట చెప్పింది గొర్రెల బొచ్చు కత్తిరించే తాత. ఏడాదికి రెండుసార్లు కత్తెర సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతాడు. ఆ రోజు మా గడప ముందర ఆగి, మంచినీళ్లు కూడా అడగకుండా జేబులోంచి ఒక కార్డు తీశాడు.

"అమ్మా, ఇది మీ చెల్లెలి కూతురు పెట్టిన ఫోటో అంగడిదే గదా?"

"అవును తాతా. ఏమైంది?"

"దీని మింద గుర్తు బలసముద్రం అవ్వోళ్ల మంద గుర్తమ్మా. వాళ్ల గొర్రెలకు నేనే కత్తెర ఏస్తాంటి. బొచ్చు తీసినంక ఎర్రమట్టి జాజుతో ఈ గుర్తు తిరగా ఏసేది గూడ నేనే. ఎవురు గీసినారు దీన్ని?"

గీసింది నేనే. విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాను. చేట కింద పెట్టాను, ఎత్తుకున్నాను, మళ్లీ కింద పెట్టాను.

మా చెల్లెలి కూతురు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కూలికి పోయేది. మధ్యాహ్నం అన్నం వేళ తోటివాళ్ల ఫోటోలు ఫోనుతో తీస్తూ తీస్తూ చెయ్యి కుదిరింది. తరవాత కెమెరా కొనుక్కుంది, మంగళవాడలో రోడ్డు పక్కన చిన్న గది తీసుకుంది. వాళ్ల నాయన ఒకటే షరతు పెట్టాడు. "శ్రావణం పెండ్లిండ్లలో నీ దగ్గరికి జనం రాకపోతే మళ్లా ప్యానెళ్ల పనికి పోవల్ల. అప్పుడు నన్ను బతిమలాడగూడదు." పిల్ల సరేనంది. సరేనన్న రోజునుంచి దానికి కుదురు లేదు.

ఒక సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, నాకు లోగో గావల్ల."

"అంటే ఏందే?"

"అంగడి గుర్తు. బోర్డు మింద, కార్డు మింద, ప్రతి ఫోటో మూలనా అదే ఉండల్ల. మనముండేది కన్నడ సీమ, బోర్డు పైన కన్నడం, కింద తెలుగు రాయిస్తా. మన అవ్వలు తాతలు రెండూ చదవరు గదా, గుర్తు చూసి కనుక్కోవల్ల."

"కంప్యూటరోళ్లు చేయరా?"

"చేసినారు. పావగడలో ప్రింటింగ్ ఆయప్ప ఒక కెమెరా బొమ్మ ఇచ్చినాడు. అదే బొమ్మ ఇంగా మూడు స్టూడియోలకు ఉండాది. నువ్వు ఏ పుస్తకమూ చూడకుండా ముగ్గులేస్తావు. నాకూ ఒకటి ఎయ్యి."

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించాడు. అక్షరాలకంటే ముందు నిలువు గీత, అడ్డ గీత, సున్న నేర్పించాడు. ఆ ఋణం తీరేది కాదు. ఆ మూడింటితోనే పిల్ల అంగడికి గుర్తు గీయాలనుకున్నాను.

పువ్వు గీస్తే, "అగరొత్తుల ప్యాకెట్టు మాదిరి ఉండాది" అంది. కన్ను గీస్తే, "కండ్లాసుపత్రి అనుకొని ముసలోళ్లంతా వరసగా నిలబడతారు" అని నవ్వింది. దీపం గీస్తే నవ్వనైనా నవ్వలేదు. నాకు పొయ్యి దగ్గరా గీతలే, దేవుని ముందరా గీతలే. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఒక తెల్లవారుజామున దీపం పెట్టి వచ్చి ముగ్గు వేస్తుంటే, గడప ముందు చెయ్యి దానంతటదే కదిలింది. ఒక సున్న. దాని మీద రెప్పలాగా వంపు గీత. కింద రెండు పొట్టి నిలువు గీతలు, కెమెరా నిలబెట్టే కాళ్ల మాదిరి. ఇది నా తెలివి కాదు, స్వామి ఇచ్చింది అనుకుని మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టుకున్నాను. పిల్ల నీలిరంగు అడిగింది. నేనే పట్టుబట్టి ఎర్రజాజు రంగు వేయించాను. బోర్డు ఎక్కింది, కార్డులు పంచారు, పిల్ల వేసుకునే చొక్కా మీద కూడా అచ్చు వేయించుకుంది. నిడుగల్లులో ఒక పెళ్లి ఒప్పుకుంది.

తాత మాటతో నాకు మరుపులోనిది పైకొచ్చింది. నా చిన్నతనంలో పంట తీసిన చేలో ఎరువుకోసం మందలు కట్టించేవాళ్లు. బలసముద్రం మంద మా చేనికి వచ్చినప్పుడు గట్టు మీద కూర్చుని గొర్రెల వీపులే చూసేదాన్ని. అప్పుడు కంట్లో పడిన గుర్తు ఇన్నేళ్లకు చేతిలోంచి బయటపడింది. రంగుతో సహా. పరుల సొమ్ము తీసుకుని, ఇచ్చావని దేవునికి దండం పెట్టాను.

తాతల నాడు గొర్రెల కాపర్లుగా బతికిన మా వాళ్లకు ఇది చిన్న తప్పు కాదు. ఇంకొకరి గుర్తు నీ గొర్రె మీద కనబడితే నువ్వు దొంగవు, అంతే. దానికి పంచాయితీ కూడా పెట్టరు.

తాత పోతూ పోతూ మిగిలింది చెప్పాడు. "ఆ అవ్వ కొడుకులు కార్డు చూసినారు. మంద పోయినంక గుర్తుగూడ ఎత్తుకపోయినారే అని అంటాండారు. వాళ్ల తట్టు ఒక్క ఇంట్లోగూడ ఆ పాపతో ఫోటో తీపించుకోరంట."

మర్నాడే నిడుగల్లు పెళ్లివాళ్లు ఫోను చేసి వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. పిల్ల బోర్డు దించేస్తానంది. మా చెల్లెలు ఒప్పుకోలేదు. "ఇప్పుడు దించితే దొంగతనం ఒప్పుకున్నట్లే. పోయి నీ పెద్దమ్మను అడుగు, స్వామి ఇచ్చినాడంట గదా." ఆ మాట నాకు తగలాలనే అంది, తగిలింది. రెండు రోజులు దీపం ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. ఒలిచిన విత్తనాలనే మళ్లీ ఏరుతూ కూర్చున్నాను. మూడో పొద్దున బలసముద్రం పోదామని పిల్లను స్కూటీ తీయమన్నాను.

దారికి రెండు పక్కలా సోలార్ అద్దాల చేలు. ఒకప్పుడు మేత ఉన్న బీళ్లు అవి.

అవ్వ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇద్దరు కొడుకులూ ఇంట్లోనే ఉన్నారు. నేను ఆమె కాళ్లకు దండం పెట్టి, కార్డు చేతికిచ్చి, వచ్చిన పని చెప్పాను. ఆమె కార్డును ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"చూసి గీసినావా, చూడకుండా గీసినావా?"

"చిన్నప్పుడు చూసినా అవ్వా. గీసేటప్పుడు తెలీదు."

"తెలీకుండా గొర్రెను ఎత్తుకపోయినోన్ని యాడైనా చూసినావామ్మా?" అన్నాడు చిన్నకొడుకు.

"నువ్వు ఊరుకోరా. మందను అమ్మేపొద్దు ఈ గుర్తు నీకు గ్యాపకమొచ్చిందా?" అంది అవ్వ. అతను తల తిప్పుకున్నాడు.

తరవాత పిల్లను దగ్గరికి పిలిచింది. "దీన్ని యాడేస్తావు పాపా?"

"ప్రతి ఫోటో మూలనా అవ్వా."

"అంటే గొర్రెకు ఏసినట్ల మనుషులకు ఏస్తావా?"

పిల్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవ్వే నవ్వింది.

"ఈ గుర్తు మా మామ పెట్టినాడు. నేను కాపరానికొచ్చిన ఏడాదే జాజు నాతోనే కలిపించినాడు. ఇప్పుడు యాడుండాది? గొర్రె మింద ల్యా, గోడ మింద ల్యా." కార్డును ఒళ్లో పెట్టుకుంది. "ఆడబిడ్డకు పెండ్లి చేసి గొర్రెలిచ్చి పంపేటప్పుడు మనోళ్లు ఏం చేస్తారో ఎరుకనా నీకు?"

ఎరుకే. గుర్తు పక్కన ఒక చుక్క పెడతారు. ఈ గొర్రెలు ఆ ఇంటినుంచి వచ్చినవే, ఇప్పుడు ఈ పిల్లవి అని దాని అర్థం. అలా చుక్కతో ఆ గుర్తును అడగవచ్చని నాకు తోచనే లేదు.

"నా కడుపున ఆడబిడ్డ పుట్టల్యా. ఆ చుక్క పెట్టే పని నాకెన్నడూ పడల్యా" అంది అవ్వ.

జాజు కావాలంది. గొర్రెలు లేని ఇంట్లో జాజు ఎక్కడిది? పిల్ల పెన్ను తీసిస్తే, "అదేందే, చీటీ రాస్తాండానా?" అని తోసేసింది. పెద్దకొడుకు లేచి, పెరట్లోంచి పెంకుముక్క తెచ్చి, నీళ్లు చల్లి రాతి మీద ఎర్రగా అరగదీశాడు. చిన్నకొడుకు చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అవ్వ బొటనవేలు ముంచి, కార్డు మీద తడుముకుంటూ ఒక చుక్క పెట్టింది. అది కాస్త వంకరగా, సున్నకు మరీ దగ్గరగా పడింది.

ప్రింటింగ్ అంగడాయన ఆ చుక్కను కంప్యూటరులో గుండ్రంగా దిద్దబోయాడట. పిల్ల ఒప్పుకోలేదు, వేలు పడినట్టే ఉండాలంది. బోర్డు మళ్లీ రాయించారు. అవ్వ తానే మాట పంపితే నిడుగల్లు పెళ్లివాళ్లు తిరిగి వచ్చారు. వాళ్ల వెనక ఇంకా కొందరు వచ్చారు. చిన్నకొడుకు మాత్రం ఇప్పటికీ ఆ అంగడి ముందునుంచి పోతూ ముఖం పక్కకు పెట్టుకుంటాడు. అతని తప్పేమీ లేదు. శ్రావణం చివర్లో మా మరిది, పిల్ల నాయన, అంగడికి వచ్చి నిలబడ్డాడు. షరతు మాట ఎత్తలేదు. "పాస్‌పోర్టు సైజు ఫోటో ఎంతసేపు పడతాదిమ్మే?" అని మాత్రం అడిగాడు.

నాకు మునుపటి ధీమా మాత్రం రాలేదు. ఇప్పుడు ముగ్గు వేసేటప్పుడు కొత్త గీత వస్తే చెయ్యి ఆగిపోతుంది. ఇది ఎవరిది, ఎక్కడ చూశాను అని వెతుక్కుంటాను. స్వామికి దండం పెట్టేటప్పుడు, నాకు తెలియకుండా ఎవరి దగ్గర తీసుకున్నానో వాళ్లకూ కలిపి పెడుతున్నాను.

అవ్వ ఆ బోర్డు చూడలేదు. చలికాలానికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది. మా తట్టు పెళ్లిఫోటో ఏదైనా మీ చేతికి వస్తే కింద మూల చూడండి. బాగుంటే తీసిన పిల్లను మెచ్చుకోండి. గీసిన నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కూతురు లేకపోయినా కూతురికి పెట్టే చుక్క పెట్టిన ఆ అవ్వను మాత్రం ఒక్కసారి తలుచుకోండి.