దొర చేతిలో చెప్పులు

ఈ పొద్దున మా ఇబ్రహీంపట్నం వాగు మీద కట్టబోయే కొత్త వంతెనకు కొబ్బరికాయ కొట్టారు. కొట్టింది ఎవరనుకున్నారు? దొరలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లకు భయపడి నిరుడు పట్నం పారిపోయి, పోలీస్ యాక్షన్ కాగానే మిలిటరీ లారీ వెనకే తిరిగొచ్చిన మా దొర. నిన్నటిదాకా నిజాం మార్కు రూమీ టోపీ, ఇవాళ కాంగ్రెస్ తెల్ల టోపీ.

ఊరి బయటి నుంచి వేసే కొత్త రోడ్డు దొర మామిడితోట దగ్గర వంకర తిరిగి దొరకు వెట్టిచాకిరీ చేసిన ఎల్లయ్య చెలక చేను మధ్య నుంచి పోతుందట. ముగ్గు కూడా పోశారు. అది చాలదన్నట్టు ఉపన్యాసం: "నిజాం పాయె, వెట్టి పాయె. ఇగ అందరం ఒక్కటే!" చప్పట్లు కొట్టాం, ఏం చేస్తాం.

విందు అవతలి ఒడ్డున, కోటలాంటి దొర ఇంట్లో, అదే గడిలో. దొర నీళ్ల అంచుదాకా వచ్చి, చెప్పులు విడిచి, అలవాటు ప్రకారం చేతులు చాపి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఆయన్ని భుజాల మీద వాగు దాటించింది ఆ ఎల్లయ్యే.

"ఏందిరా ఎల్లిగా, చూస్తున్నవ్? జల్ది ఎత్తుకో."

ఎల్లయ్య కదల్లేదు. "వెట్టి పాయెనని గిప్పుడే అంటివి గద దొరా. నీళ్లు మోకాళ్లదాంకనే ఉన్నయ్, నడువు."

దొర మావైపు చూశాడు. మేమందరం వాగువైపు చూశాం. చివరికి ధోవతి ఎగ్గట్టి, చెప్పులు తనే పట్టుకుని నీళ్లలోకి దిగాడు.

గడి ముందు నుంచి పోయినప్పుడల్లా చెప్పులు చేత పట్టుకుని నడిచినవాళ్లం మేము. దొర చెప్పులు దొర చేతిలో చూడటం ఇదే మొదటిసారి. వంతెన కొంచెం ఆలస్యమైనా నాకేం ఫికర్ లేదు. మీకేమైనా తొందరుందా?