ఒక్క దండీ ఎక్కువ

మా మనవరాలు కావలిలో ఏదో జిమ్ములో చేరింది. నాలుగు రోజులు ఉత్సాహంగా పోయి, నిన్న పొద్దున జడ వేసుకోబోతే చేతులు పైకి లేవక అద్దం ముందు ఏడుపు మొహం పెట్టింది. నాకు నవ్వాగలేదు. “ఈ నొప్పి నీకేం తెలుసు తాతా!” అని కసిరింది. నాకు తెలిసినంతగా ఈ తీరంలో ఇంకొకరికి తెలియదేమో. పంతొమ్మిది వందల యాభైల చివర్లో, ఇరవయ్యేళ్లు నిండిన వయసులో, అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోలేక మా మేనత్త చేత పసిబిడ్డలా తినిపించుకున్నవాణ్ణి నేను. అయితే మా మనవరాలు ఒళ్లు తగ్గడానికి దండీలు తీస్తోంది. నేను మా బావ మీద పగతో తీశాను.

బావ అంటే మా అక్క మొగుడు. మా పల్లె నుంచి సముద్రం ఒడ్డునే నడిచిపోతే వాళ్ల పల్లె వస్తుంది. కుర్రతనంలో పట్నంలో ఒక వస్తాదు దగ్గర సాము నేర్చుకున్నాడు. వేట నుంచి రాగానే పడవ పక్కన ఇసుకలో దండీలు తీసేవాడు. చూసేవాళ్లుంటే మరికొన్ని తీసేవాడు. ఆ కండలు చూసే మా నాయన పిల్లనిచ్చాడు. ఆ కండలు ఎవరి మీద పనిచేస్తున్నాయో పెళ్లయిన ఏడాదికి అక్క వీపు మీది వాతలు చూస్తే తెలిసింది. నాయన అప్పటికే మంచాన పడ్డాడు, అడగడానికి నేనే పోయాను. వాళ్ల ఊరి పెద్దలు కూర్చుని, మొగుడూ పెళ్లాల తగువులో మాకేం పని అన్నట్టు చుట్టలు కాల్చారు. బావ లేచొచ్చి, ఒంటిచేత్తో నా మెడ పట్టుకుని ఇసుకలో బోర్లా పడేశాడు. “దండీ తియ్యరా బామ్మర్దీ, చూస్తా. నా మీద ఒక్కటి ఎక్కువ తీసిననాడు మీ అక్కని తీసకపో. పెద్దోళ్ల ముందర చెప్తుండా” అన్నాడు. నేను నాలుగైదుకే చతికిలబడ్డాను. అందరూ నవ్వారు. అక్క గడపలో నిలబడి, నవ్విన మొహాలను గుర్తుపెట్టుకుంటున్నట్టు ఒక్కొక్కటే చూసింది.

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. అక్క వీపు మీది వాతలు తలుచుకుని ఒక్కొక్క వాతకూ ఒక్కొక్క దండీ అనుకుంటూ, మొహం ఇసుకలో కూరుకుపోయేదాకా తీసేవాణ్ణి. వారం తిరక్కముందే రొమ్ము, జబ్బలు సెగ్గడ్డలు లేచినట్టు సలపడం మొదలైంది. వల తాడు పట్టుకుంటే వేళ్లు మూసుకోలేదు. అయినా మొండిగా తీశాను. చివరికి ఒకనాడు చొక్కా విప్పుకోలేక అందులోనే ఇరుక్కుపోయి కేకలు పెడితే అత్త వచ్చి విడిపించింది. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది అత్త. వలలు అల్లడంలో, తిట్టడంలో ఆమెకు సాటి లేదు. “నూలు వలనైనా దినం మార్చి దినం ఆరేస్తామే, నీ ఒంటికి ఆపాటి విలువ లేదంట్రా? చివికిపోతావు. పడుకో!” అంది. ఆవనూనె దొరక్క నువ్వుల నూనె కాచి రుద్దింది. వేడి ఇసుక మూటకట్టి కాపడం పెట్టింది. తన కోళ్లు పెట్టిన గుడ్లు అమ్మడం మానేసి నా నోట్లో కుక్కింది.

అప్పటి నుంచి ఒకరోజు దండీలు, ఒకరోజు పడక. నిజం చెప్పాలంటే దండీల రోజు సుఖంగా ఉండేది. పడుకున్న రోజే నరకం. అక్కడ అక్క దెబ్బలు తింటూ ఉంటుంది, ఇక్కడ నేను నూనె పూసుకుని ఎండలో చేపలా పడి ఉంటాను. కానీ నొప్పి తగ్గి లేచిన ప్రతిసారీ చేతులు మునుపటికంటే కొంచెం ఎక్కువ మోసేవి. తొందరపడకుండా పగపట్టడం అలా నేర్చుకున్నాను.

మరుసటి ఏడు వాళ్ల ఊళ్లో గంగమ్మ కొలుపుకు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ పెద్దల ముందే వెళ్లి నిలబడి, “బావా, మాట మీద ఉండావా?” అన్నాను. అతను పకపకా నవ్వి పంచె ఎగ్గట్టాడు. ఇద్దరం పక్కపక్కనే వంగాం. మొదట్లో అతనే వేగంగా తీశాడు. పోను పోను అతని మోచేతులు వణకడం నా చెవి పక్కనే వినిపించింది, ఇసుక కరకరలాడుతూ. కాసేపటికి కూలబడ్డాడు. పెద్దలు లెక్క చెప్పారు. నేను ఆ లెక్క దాటి ఒక్కటి తీసి ఆగాను. రెండోది తీసే సత్తువ ఉంది, కావాలనే తియ్యలేదు. అతను అడిగింది ఒక్కటే.

బావ బోర్లా పడి, “నీళ్లు” అన్నాడు. అక్క చెంబు నిండా ముంచుకుని వచ్చింది. అతను చెయ్యి చాచబోయాడు, అది లేవలేదు. అక్క అతన్ని దాటుకుని వచ్చి చెంబు నాకిచ్చింది. నేను తాగేదాకా నిలబడి, మిగిలిన నీళ్లు ఇసుకలో పారబోసి, “పద అబ్బయ్యా” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దారిలో అక్క ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. అత్త ఎండుచేపలమ్ముకునే వంకతో పోయి, నా చొక్కా కథ ముందే చెప్పి వచ్చిందట. “నెల నుంచి దినామూ అన్నం పెడతా, మా తమ్ముడు నీకంటే ఎక్కువ తీస్తుండాడంట అనేదాన్ని. రోషమొచ్చి రాత్రీ పగలూ తీసినాడు. ఒక్కనాడు కూడా ఆగనియ్యలా. పొద్దున తలగుడ్డ చుట్టుకోలేకపోతే నేనే చుట్టినా” అంది. నా సంవత్సరం శ్రమలో సగం ఘనత ఆమెదేనని అప్పుడు అర్థమైంది.

అక్క మళ్లీ ఆ గడప తొక్కలేదు. అతను రెండుసార్లు మనుషుల్ని పంపితే, అత్త వాళ్లకు మజ్జిగిచ్చి మర్యాదగా తిట్టి పంపింది. చాలా ఏళ్ల తర్వాత కావలి బస్టాండులో అతన్ని చూశాను. ముసలివాడై, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా వణుకుతూ ఒలికించుకుంటున్నాడు. జాలి కలుగుతుందేమోనని ఎదురుగా కూర్చుని కాసేపు చూశాను. కలగలేదు. కాలం మా ఇద్దరి చేతుల్లో సత్తువను సమానంగానే తీసుకుపోయింది, నా కోపాన్ని మాత్రం ఎందుకో ముట్టుకోలేదు.